పర్లాకిమిడి దగ్గర పాత ‘బీరు కంపెనీ’: సిమెంటు పూసి రంగెయ్యమంటున్నారు, ఏం చేద్దాం?

మహేంద్రతనయ
ఒడిశాలోని పర్లాకిమిడికి దగ్గర్లో, మా ఊరి చివర ‘బీరు కంపెనీ’ అని పిలిచే పాత కట్టడం ఉంది. ఇప్పుడు ఊరి కమిటీ చేతికొచ్చింది. హాల్లో ప్రదర్శన, పక్క గదుల్లో గ్రంథాలయం పెట్టాలని కోరిక.
ఉన్నవి ఇవీ. 60 అడుగుల హాలు, 18 అంగుళాల ఇటుక గోడలు, సాల దూలాల మీద మంగుళూరు పెంకు. 55 అడుగుల ఇటుక పొగగొట్టం, దాని నడుమున రావి మొక్క. హాలు చివర పెద్ద రాగి పాత్ర, కింద ఇటుక పొయ్యి. వెనక షెడ్డులో తుప్పు పట్టిన బాయిలరు. పక్క గదిలో నేల కింద తొట్టి, మూత బిగుసుకుపోయింది. ఇనప ఊచల కిటికీలున్న చిన్న గది ఒకటి, దాని తలుపుకి రెండు తాళాల గొళ్లేలు.
గోడలకి లోపలా బయటా ఎప్పుడో సిమెంటు పూశారు. అడుగు నుంచి 4 అడుగుల దాకా చెమ్మ. ఉప్పు కక్కుతోంది, పూత పొలుసులుగా రాలుతోంది.
కాంట్రాక్టరు అంచనా: ఊడిన చోట మళ్లీ సిమెంటు, పైన వాటర్‌ప్రూఫ్ రంగు. పొయ్యి తీసేసి టైల్సు. పెంకు దించి రేకులు. పొగగొట్టం కూల్చివేత. రాగి పాత్రని మిషను మీద మెరిపించడం. దసరాకి తెరవాలని కమిటీ పట్టు. ఇందులో ఏది ఆపాలి, ఏది ముందు చెయ్యాలి?

గానుగసున్నం
అయిదూ ఆపండి. అన్నిటికన్నా ముందు ఆ మొదటిది.
అది సున్నం గోడ. నేలలోంచి ఎక్కిన నీరు ఇటుకలోంచి, అతుకుల్లోంచి బయటికి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. ఆరడానికి చోటు లేక నీరు ఇంకా పైకి ఎక్కింది, దానితో వచ్చిన ఉప్పు పూత వెనకే గడ్డకట్టి ఇటుక ముఖాన్ని తోసేస్తోంది. దాని మీద వాటర్‌ప్రూఫ్ రంగేస్తే ఇప్పుడు 4 అడుగులున్న చెమ్మ 6 అడుగులకి పోతుంది, అంతే తేడా.
బయటి నేల మట్టం లోపలి నేల కన్నా ఎంత ఎత్తులో ఉందో కొలిచి చెప్పండి. మిగతాదంతా దాన్ని బట్టే.

మహేంద్రతనయ
కొలిచాం. రోడ్డు వైపు లోపలి కన్నా అడుగున్నర ఎత్తు. పెరటి వైపు సమానంగా ఉంది.

గానుగసున్నం
చెమ్మకి మూలం అదే. రోడ్డు వైపు గోడ పొడవునా మట్టి దించాలి, లోపలి నేల కన్నా 6 అంగుళాలు కిందికి. ఒకేసారి 60 అడుగులూ తవ్వొద్దు. 6 అడుగుల ముక్క తవ్వి, సరిచేసి, తర్వాతి ముక్కకి వెళ్లండి. పునాది మెట్టు కనపడగానే ఆగిపోవాలి, దాని కిందికి గునపం దిగకూడదు. తవ్విన చోట అడుగు వెడల్పున గులకరాయి నింపి, కాలవ వైపు వాలు ఇవ్వండి. పైన కాంక్రీటు గట్టు కట్టొద్దు, అది మళ్లీ నీటిని గోడలోకే నెడుతుంది.
తర్వాత సిమెంటు పూత తీయడం. సుత్తి, ఉలి మాత్రమే. కరెంటు బ్రేకరు పెడితే ఇటుక ముఖం పూతతో సహా ఊడొస్తుంది. చెమ్మ గీతకి ఒక అడుగు పై దాకా తీయండి చాలు. పైన గట్టిగా అతుక్కున్న చోట ఇటుక పగులుతుంటే ఆ ముక్క అలాగే వదిలేయండి.
ఇక గోడ ఆరాలి. లెక్కకి నెలకి ఒక అంగుళం మందం ఆరుతుంది. 18 అంగుళాల గోడ రెండు వైపుల నుంచీ ఆరితే 9 నెలలు. దసరాకి లోపలి పూత అవ్వదని కమిటీకి ఇప్పుడే చెప్పేయండి. అప్పటికి అతుకులు నింపి, పల్చటి సున్నం వెల్ల కొట్టి తెరవొచ్చు. గోడ ఇటుక కనిపిస్తూ ఉంటుంది, అందులో తప్పేం లేదు.

బరంపురం_సైటు
సున్నం మీద ప్రేమ సరే గానీ, పని చేసేవాళ్లు ఎక్కడున్నారు? ఇక్కడ మేస్త్రులందరికీ తెలిసింది సిమెంటే. 1:6 పాళ్లలో పల్చగా కలిపితే నష్టం ఏమీ ఉండదు. పైగా ఇది తుఫాను ప్రాంతం. 2018లో తిత్లీ గజపతి జిల్లాని ఎలా ఊపేసిందో అందరికీ గుర్తుంది. గోడల తల మీద ఆర్‌సీసీ బెల్టు వెయ్యకుండా జనాన్ని లోపలికి పిలవడం ప్రమాదం.

గుణుపూర్_తాపీ
సిమెంటు మేస్త్రికే నేర్పొచ్చండి. చెయ్యి అదే, తాపీ అదే, ఓపిక ఒక్కటే వేరు. సిమెంటులా గంటలో గట్టిపడదు గనక తొందరపడి రెండో పూత వేసేస్తారు, అక్కడే పగుళ్లొస్తాయి. ముందు పెరటి గోడ మీద 3 అడుగుల ముక్క చేయించి చూడండి.

గానుగసున్నం
@బరంపురం_సైటు 1:6 అయినా చిక్కు అలాగే ఉంది. అతుకు ఎప్పుడూ ఇటుక కన్నా మెత్తగా ఉండాలి. గోడ కదిలితే అతుకు పగలాలి, ఇటుక కాదు. అతుకుని ఏ పదేళ్లకో మళ్లీ నింపుకోవచ్చు, చిట్లిన ఇటుక తిరిగి రాదు. సిమెంటులోంచి వచ్చే ఉప్పు మరో తలనొప్పి.
గోడల తలలు కట్టాలన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. దానికి ఆర్‌సీసీ అక్కర్లేదు. పొడవు గోడలు రెంటినీ కలుపుతూ దూలం దూలానికీ ఉక్కు కడ్డీ, గోడ బయట ఇనప పళ్లెం, నట్టు బిగింపు. పాత రైలు గోదాములకి కనిపించే పద్ధతే. రేపు అక్కర్లేదనుకుంటే విప్పుకోవచ్చు కూడా.

బరంపురం_సైటు
కడ్డీలు ఒప్పుకుంటాను. అయితే దూలం చివర్లు గోడలో పుచ్చి ఉంటే వాటికి బిగించిన కడ్డీ దేన్నీ పట్టదు. ముందు ప్రతి చివరా పరీక్ష చెయ్యాలి.

పెంకుటింటి_నీడ
దూలం సంగతి నేను చెప్తా. సన్నటి స్క్రూడ్రైవరుతో గోడలోకి దిగే చోట గట్టిగా పొడవండి. సాల కలప బాగుంటే మొన కూడా దిగదు. అరంగుళం దిగితే లోపల పుచ్చినట్టు. సుత్తి పిడితో తడితే డొల్ల శబ్దం కూడా వస్తుంది. పుచ్చిన మేర కోసి, పాత సాల కలపతోనే వాలుగా అతుకు వేసి, బోల్టులు బిగించాలి. అతుకు పొడవు దూలం లోతుకి కనీసం మూడింతలు. మళ్లీ గోడలో పెట్టేటప్పుడు చివర చుట్టూ వేలు పట్టే ఖాళీ వదలండి. సున్నంతో గట్టిగా మూసేశారో, చెమ్మ మళ్లీ అక్కడే చేరుతుంది.
పెంకు తీసి రేకులు వేస్తే ఎండాకాలం లోపల పుస్తకాలు, మనుషులు ఇద్దరూ ఉడికిపోతారు. దించిన పెంకుల్లో సగం పైన మళ్లీ వాడుకోవచ్చు. ఒక్కో పెంకునీ చేత్తో పట్టుకుని వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి. బొంగురు శబ్దం వస్తే లోపల జీర ఉంది. చదరపు మీటరుకి 15 నుంచి 16 పెంకులు పడతాయి, విరుగుడుకి నూటికి పది ఎక్కువ తెచ్చుకోండి.
తుఫాను మాట వచ్చింది కదా. పెంకు వెనక చిన్న ముక్కు, దానికి బెజ్జం ఉంటుంది. చూరు వెంట మొదటి మూడు వరసలు, రెండు పక్క అంచులు, శిఖరం దగ్గరి వరసలు రాగి తీగతో రీపరుకి కట్టెయ్యండి. గాలి పెంకుని లేపేది ఆ అంచుల్లోనే. మధ్యలోవి వాటి బరువుకే నిలుస్తాయి.

మహేంద్రతనయ
కొన్ని పెంకుల వెనక బాసెల్ మిషన్ ముద్ర ఉంది. కట్టడం ఎప్పటిదో దీన్ని బట్టి చెప్పగలమా?

పాత_దస్తావేజు
మంగుళూరు దగ్గర జెప్పులో బాసెల్ మిషన్ పెంకుల కర్మాగారం పెట్టింది 1865లో. కాబట్టి ఆ పెంకు అంతకు ముందుది కాదు. అంతకన్నా ఏమీ చెప్పలేం. పెంకులు మారుస్తూనే ఉంటారు, ఒక కట్టడం పెంకు ఇంకోదానికి ఎక్కుతుంది.
బాయిలరు మీద వెతకండి. 1923 బాయిలర్ల చట్టం వచ్చాక ప్రతి బాయిలరుకీ నమోదు సంఖ్య చెక్కాలి, ముందు ప్రాంతం అక్షరాలు ఉంటాయి. తుప్పుని మెత్తటి ఇత్తడి బ్రష్షుతో తుడిస్తే కనపడుతుంది. గంజాం జిల్లా, దానితో పర్లాకిమిడి, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోవి. మద్రాసు అక్షరాలుంటే ఆ తేదీకి ముందే నమోదై ఉండొచ్చు. నౌపడ నుంచి పర్లాకిమిడికి నేరోగేజి రైలు 1900లో వచ్చింది. అంత బరువు బాయిలరు ఎద్దుబండి మీద కన్నా ఆ రైల్లో రావడానికే ఎక్కువ అవకాశం.
కాగితాలకి రెండు చోట్ల చూడాలి. 1936కి ముందువి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, ఆబ్కారీ శాఖ దస్త్రాల కింద. తర్వాతివి భువనేశ్వర్‌లో ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్‌లో. స్థలం ఒకప్పుడు జమీందారీది అయితే 1951 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఎవరి పేరు మీదికి వెళ్లిందో తహసీలు ఖతియాన్‌లో (భూమి హక్కుల దస్త్రంలో) చూసి, కమిటీ పేరున హక్కు స్పష్టంగా ఉంటేనే రూపాయి ఖర్చు పెట్టండి.

ఇప్పపూలు
అసలు అది బీరు కంపెనీ అని ఎందుకంటున్నారు? వివరాలు చూస్తే సారా డిస్టిలరీలా ఉంది. ప్రదర్శన బోర్డు రాసేముందు తేల్చుకోండి.
బీరు తీసేచోట బార్లీ మొలకెత్తించే పొడవాటి నేల, తక్కువ ఎత్తు కప్పు, మొలకలు ఆరబెట్టే బెజ్జాల నేలున్న బట్టీ ఉండాలి. పై అంతస్తులో కషాయం చల్లార్చే లోతు లేని పెద్ద పళ్లెం, చుట్టూ గాలి పలకల గోడలు, కింద చల్లటి నేలమాళిగ ఉండాలి. బీరు పులియడానికి చల్లదనం కావాలి. శీతల యంత్రాలు రాక ముందు మన మైదానాల ఎండలో అది పుల్లబడిపోయేది. అందుకే పాత బ్రూవరీలు కొండల మీద వెలిశాయి. ఎడ్వర్డ్ డయ్యర్ 1855లో కసౌలీలో పెట్టాడు, మర్రీ అనే కొండ ఊరి దగ్గర ఘోరాగలీలో 1860లో ఇంకోటి మొదలైంది. దక్షిణాదిలో అయితే నీలగిరి, బెంగళూరు.
మీ దగ్గరున్నవి రాగి పాత్ర, పొయ్యి, నేల తొట్టి, రెండు తాళాల గది. ఆ గది సారా నిలవ గది. ఒక తాళం కాంట్రాక్టుదారుది, రెండోది ఆబ్కారీ అధికారిది. ఇద్దరూ వస్తే గానీ తలుపు తెరుచుకోదు. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం కింద నడిచిన పద్ధతి. ఆ గొళ్లేలు తీసేయనివ్వకండి, ఆ కట్టడం ఏ పని చేసిందో చెప్పే గట్టి సాక్ష్యం అదే.

చాందా_రాజురా
మా దిక్కు గూడ గిట్లనే. రాజురా, కిన్వట్ 1956 దాక ఆదిలాబాద్ జిల్లలనే ఉండె, నిజాం కాలంల నిజాం ఆబ్కారీ కింద. ఇప్ప పువ్వు సారా, గుల్మొహా అంటరు. పువ్వు నిల్వ చేసిన గోదాముల గిలాబు (పూత) తీస్తే లోపల నల్లగ జిగురు పట్టి ఉంటది, అది చక్కెర మరక. కడిగినా పోదు. దాని మీద సున్నం పూస్తే పసుపు మచ్చలు మల్ల బయటికొస్తయ్. గసుంటి జాగల మెత్తటి మట్టి ముద్ద అంటించి, ఎండినంక తీసి, నాలుగైదు సార్లు చేసినంకనే పూత పెట్టాలె.

గానుగసున్నం
@చాందా_రాజురా చాలా విలువైన మాట. ఉప్పు లాగడానికీ అదే పద్ధతి. శుద్ధమైన బంకమట్టి, నానబెట్టిన కాగితం గుజ్జు, మంచినీళ్లు కలిపి అరంగుళం మందం పట్టించాలి. పూర్తిగా ఎండి దానంతటది పగిలినప్పుడు తీయాలి. తడిగా ఉండగా తీస్తే ఉప్పు తిరిగి గోడలోకే పోతుంది.
@మహేంద్రతనయ నేల తొట్టి ఉన్న పక్క గదిలో గోడ అడుగున అతుకులు లోతుగా తినేసి ఉన్నాయా?

మహేంద్రతనయ
అవును, అక్కడ ఇటుక బాగానే ఉంది గానీ అతుకు రెండంగుళాలు లోపలికి పోయింది. నేల మీద మాత్రం నల్ల బండ చెక్కుచెదరలేదు. కాంట్రాక్టరు అక్కడ కడప బండలు వేస్తానంటున్నాడు.

గానుగసున్నం
అది పుల్లటి ఊట, అంటే సారా కోసం పులియబెట్టిన ద్రవం, చేసిన పని. బెల్లం ఊట పులిసి, ఇంకా పులిస్తే సిర్కా అవుతుంది. ఆ ఆమ్లం సున్నాన్ని కరిగించేస్తుంది, కాల్చిన ఇటుకని ఏమీ చేయలేదు. కట్టినవాళ్లకి ఇది తెలుసు, అందుకే నేలకి నల్ల బండ వేశారు. తూర్పు కనుమల చార్నకైట్ అయి ఉండొచ్చు. కడప బండ సున్నపురాయి జాతి. నిమ్మరసం పడ్డా మచ్చ పడుతుంది. ఉన్న బండని కదపొద్దు, రసాయనంతో కడగొద్దు. విరిగిన చోట ఊళ్లో పాత మెట్లు, అరుగుల రాయి దొరుకుతుందేమో అడగండి.

గుణుపూర్_తాపీ
అతుకుల పాళ్లు ఎవరూ రాయలేదు. నానిన సున్నం ముద్ద 1, సుర్కీ (నూరిన ఇటుక పొడి) 1, ఇసుక 2, కొలత పాత్ర లెక్కన. పాత అతుకు వెడల్పుకి రెండింతల లోతు, కనీసం ముప్పాతిక అంగుళం గీకాలి. దుమ్ము ఊదాలి, గోడ తడపాలి, నీళ్లు కారని స్థితిలో సున్నం గట్టిగా అదమాలి. ఒకేసారి పై దాకా నింపొద్దు, లోతుగా ఉంటే రెండు విడతలు. ఎండ తగిలే గోడకి తడి గోనెపట్టాలు వేలాడదీసి వారం పది రోజులు ఉంచాలి. పట్టా గోడకి అంటకూడదు, జానెడు దూరంలో ఉండాలి.
సుర్కీకి పాత పెంకు, దేశవాళీ ఇటుక ముక్కలే నూరాలి. బాగా మాడి నల్లబడ్డ ఇటుక పనికిరాదు, బూడిద ఇటుక అసలే వద్దు.

గానుగసున్నం
దానికి ముందు పాత అతుకులో ఏముందో చూడండి. గోడ లోపలి నుంచి పాడవని ముక్క 50 గ్రాములు ఆరబెట్టి, నలిపి, పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నురుగు ఆగేదాకా ఉంచి, వడకట్టి, ఆరాక తూచండి. తగ్గిన బరువు సున్నానిది. మిగిలినదాంట్లో ఎర్ర పొడి సుర్కీ, గరుకుది ఇసుక. ఒక జాగ్రత్త: ఆ రోజుల్లో తీరపు ఇసుక వాడి ఉంటే అందులోని గవ్వ ముక్కలు కూడా కరిగిపోయి, సున్నం ఎక్కువగా ఉన్నట్టు లెక్క తప్పుతుంది. భూతద్దంతో ముందే చూసుకోండి. చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి.

ఇప్పపూలు
బెల్లం, కరక్కాయ నీళ్లు కలపమని పెద్దవాళ్లు అంటారు కదా, దాని సంగతి?

గుణుపూర్_తాపీ
కలపాల్సిందే. బెల్లం లేని సున్నం రాలిపోతుంది.

గానుగసున్నం
ఇక్కడ తాపీ గారితో కాస్త తేడా ఉంది. పైకప్పు గచ్చుకీ, నునుపు పూతకీ అది బాగా పనికొస్తుంది. ఉప్పు, చెమ్మ ఉన్న గోడ అడుగు అతుకులకి వద్దు. బెల్లం సున్నాన్ని నీళ్లలో ఎక్కువగా కరిగేలా చేస్తుంది, గట్టిపడటం నెమ్మదిస్తుంది. చెమ్మ గోడలో అది నెలల తరబడి మెత్తగానే ఉండిపోతుంది, చీమలు, బూజు అదనం. వేసినా 100 లీటర్ల నీటికి 2 నుంచి 3 కిలోల బెల్లం, అందులో సగం కరక్కాయ. కరక్కాయ దంచి ముందు రోజు నానబెట్టి వడకట్టాలి.

గుణుపూర్_తాపీ
అడుగు అతుకులకి వద్దంటే ఒప్పుకుంటానండి. పై పూతకి మాత్రం మానొద్దు. బెల్లం తూకం మేస్త్రి టీ గ్లాసులోకి పోకుండా చూసుకుంటే చాలు.

బాయిలర్_మావ
అందరూ గోడల దగ్గరే ఉన్నారు, ప్రాణాలు తీసేవి వేరే ఉన్నాయి.
ఒకటి, నేల కింది తొట్టి. మూత పగలగొట్టి మనిషి దిగితే తిరిగి రాడు. కుళ్లు వల్ల ప్రాణవాయువు ఉండదు, బరువు వాయువులు అడుగున నిలుస్తాయి. దీపం దించి చూడటం కూడా వద్దు, మండే ఆవిరి ఉంటే అంటుకుంటుంది. మూత తీశాక దూరం నుంచి బ్లోయరు గొట్టం అడుగు దాకా దించి గంటల తరబడి గాలి కొట్టాలి. వాయువు మీటరు పెట్టి కొలిచాకే, నడుముకి తాడు కట్టుకుని, పైన ఇద్దరు ఉండగా ఒకరు దిగాలి.
రెండు, బాయిలరు, ఆవిరి గొట్టాల చుట్టూ తెల్లగా సుద్దలా, పీచులా చుట్టి ఉంటే చెయ్యి పెట్టొద్దు. ఆస్‌బెస్టాస్ అయి ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ పీచు ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత చంపుతుంది. ముందు నమూనా పరీక్షకి పంపాలి. అవునని తేలితే అర్హులైన వాళ్లతోనే తీయించాలి, లేదా కదపకుండా మూసేసి వదలాలి.
మూడు, కప్పు కింద గబ్బిలాల పెంట. పొడిగా ఊడ్చొద్దు, తడిపి, ఎన్95 మాస్కు పెట్టుకుని ఎత్తాలి.
బాయిలరుకి లోపల రెండు పెద్ద గొట్టాలుంటే లాంకషైరు, ఒకటే ఉంటే కార్నిష్. ఏదైనా దాన్ని మళ్లీ వెలిగించే ఆలోచన వద్దు. తుప్పు గీకి, లోపల నీరు నిలవకుండా అడుగు ప్లగ్గు తీసి, నేలకి తాకకుండా ఇటుక దిమ్మెల మీద ఎత్తి పెట్టండి.

రాగిరేకు
పాత్రని మిషను మీద మెరిపించడం ఎలాగైనా ఆపండి. నిప్పు తగిలిన అడుగు రేకు అప్పటికే సన్నబడి ఉంటుంది. బఫింగు ఇంకా తినేస్తుంది, రివెట్ల తలలు అరిగిపోతాయి, సుత్తి దెబ్బల గుర్తులు చెరిగిపోతాయి. అల్ట్రాసోనిక్ మందం మీటరుతో అడుగున, పక్కన, భుజం దగ్గర కొలిచి రాసుకోండి. శుభ్రానికి మెత్తటి గుడ్డ, మంచినీళ్లు, చుక్క సబ్బు, వెంటనే ఆరబెట్టడం. గోధుమ, నలుపు పొర అలాగే ఉండనివ్వండి, రాగిని కాపాడేది అదే. లేత ఆకుపచ్చ పొడి రాలుతున్న మచ్చలుంటే అది వేరే. క్లోరైడు లోపల తింటోంది. వాటిని సన్నటి చెక్క పుల్లతో గీకి, నిపుణులకి చూపించాలి.
లోపల కళాయి ఉందేమో చూడండి. అతుకుల్లో సీసం కలిపిన టంకం ఉండే అవకాశం ఎక్కువ. అందులో ఇక తాగేది ఏదీ కాయకూడదు.

ఇప్పపూలు
పాత్ర కింద పొయ్యీ ఉంది, వెనక బాయిలరూ ఉంది. అంటే మొదట నేరుగా కట్టెల మంట, తర్వాత ఆవిరి వచ్చి ఉంటుంది. పాత్ర లోపల చుట్టలుగా గొట్టం గానీ, పక్కన ఆవిరి గొట్టం దూర్చిన బెజ్జం గానీ ఉందా?

మహేంద్రతనయ
చుట్ట లేదు. పక్కన రెండు బెజ్జాలు, రాగి బిళ్లలతో మూసి ఉన్నాయి.

రాగిరేకు
అయితే చుట్ట తీసేసి బెజ్జాలు మూశారు. ఆ బిళ్లలు ముట్టుకోవద్దు. పొయ్యి కూల్చితే మొదటి దశ ఆనవాలు పోతుంది, బిళ్లలు తీస్తే రెండోది. రెండూ ఉంచి, పొయ్యి లోపలి మసి కూడా అలాగే ఉంచండి.

పాత_దస్తావేజు
పాత్ర విషయంలో చట్టం కూడా ఉంది. ఒడిశా ఎక్సైజ్ చట్టం 2008 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారీ పరికరం దగ్గర పెట్టుకోవడమే నేరం. పాతదని, పని చేయదని మీరు అనుకుంటే సరిపోదు. జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంటుకి ఫొటోలు, కొలతలతో ప్రదర్శన కోసమని రాసి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పాత్రకి రంధ్రం చెయ్యమంటే వేరే దారి అడగండి. పాత్రలోంచి సారా ఆవిరి బయటికి వెళ్లే గొట్టం అతుకు దగ్గర మూత ప్లేటు పెట్టి సీలు వేస్తే పనిచేయకుండా చేసినట్టే.

చాందా_రాజురా
మంచి మాట. మా చంద్రపూర్ జిల్లల 2015ల నుంచి 2021 దాక మద్యనిషేధం ఉండె. గసుంటి కాలంల పాత సామాను దొరికితే తునకలు చేసి తుక్కుకు అమ్మేటోళ్లు. కాగితం చేతుల ఉంటే సామాను బతుకుతది.

బరంపురం_సైటు
పొగగొట్టం గురించి ఎవరూ తేల్చలేదు. అది ఒరిగి ఉంటే కూల్చడమే మంచిది, కింద పిల్లలు తిరుగుతారు.

గానుగసున్నం
ఒరిగిందా లేదా ముందు కొలవండి. టోటల్ స్టేషను అనే సర్వే పరికరంతో నాలుగు వైపుల నుంచీ అడుగు, నడుము, తల మూడు చోట్ల నడిమి బిందువులు పట్టి, వానల ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి. పగుళ్ల మీద గాజు పట్టీలు సున్నంతో అతికించి తేదీ రాయండి. పట్టీ పగిలితే కదులుతున్నట్టు. పగలకపోతే ఏనాడో ఒరిగి ఆగిపోయినట్టు.
ఎటు వంగిందో కూడా ముఖ్యం. బొగ్గు పొగలోని గంధకం అతుకులో చేరి, వాన కొట్టే వైపు అతుకు ఉబ్బుతుంది. అప్పుడు గొట్టం వాన కొట్టే వైపు నుంచి అవతలి దిక్కుకి విల్లులా వంగుతుంది. కట్టెలు కాల్చిన గొట్టంలో అది తక్కువ. గొట్టం వంకర లేకుండా అడుగు నుంచే ఒరిగితే పునాది సమస్య, రావి దగ్గరే పక్కకి నెట్టి ఉంటే వేరు సమస్య. మూడింటికీ మందు వేరు.

మహేంద్రతనయ
అడుగు నిటారుగా ఉంది. రావి ఉన్న చోట 4 అంగుళాలు బయటికి ఉబ్బింది, దాని పైన మళ్లీ నిటారు.

గానుగసున్నం
అయితే కూల్చక్కర్లేదు, వేరు పనే అది. కానీ రావిని పీకొద్దు, పీకితే ఇటుకలు దానితో వస్తాయి. ఆమ్లం పోయొద్దు, సున్నం కరుగుతుంది. కాండం జానెడు వదిలి కోసి, కోసిన వెంటనే బెజ్జాలు వేసి గ్లైఫోసేట్ (కలుపు మందు) నింపి ప్లాస్టిక్ కట్టండి. చిగురు వస్తే మళ్లీ. పూర్తిగా చచ్చాక పైన కింద ఇనప పట్టీలు బిగించి, ఉబ్బిన వరసలు ఒక్కొక్కటిగా, చుట్టుకొలతలో ఆరో వంతు మించకుండా విప్పి, వేరు తీసి, అవే ఇటుకలతో మళ్లీ కట్టాలి. లోపలి ఖాళీలకి పల్చటి సున్నం, సుర్కీ కలిపి కింద నుంచి పైకి పోయాలి. పరంజా గొట్టానికి ఆనించకుండా విడిగా నిలబడాలి.

బరంపురం_సైటు
ఆ పద్ధతి అయితే నేనూ సంతకం పెడతాను. పిడుగు తీగ మర్చిపోకండి. రాగి పట్టీ తల నుంచి నేల దాకా, భూమి నిరోధం 10 ఓమ్‌ల లోపు. పని అయ్యేదాకా గొట్టం ఎత్తున్నంత దూరం చుట్టూ కంచె.

మహేంద్రతనయ
కమిటీకి వరస రాసిచ్చాను: ఖతియాన్, ఎక్సైజ్ అనుమతి, కంచె, మట్టి దించడం, పెంకు, పూత తీయడం. వానలు జూన్ నడిమికి దిగుతాయి. అప్పటిలోగా సున్నం పని ఏదైనా మొదలెట్టొచ్చా? గుల్ల సున్నం తీరం వైపు దొరుకుతోంది, సంచి సున్నం ఊళ్లోనే ఉంది. ఏది తీసుకోవాలి?

గుణుపూర్_తాపీ
గుల్ల సున్నం తీసుకోండి, కాల్చిన గుల్లగానే, నీళ్లు చల్లనిది. తొట్టిలో ముందు నీళ్లు, తర్వాత గుల్ల కొద్దికొద్దిగా. గుల్ల మీద నీళ్లు పోస్తే ఎగిరి మొహం కాలుతుంది. సన్న జల్లెడలో వడకట్టి, పైన రెండంగుళాల నీళ్లు నిలిచేలా గుంటలో కనీసం 3 వారాలు. ఎంత నానితే అంత వెన్న. ఇప్పుడు నానబెడితే వానలయ్యాక అతుకులకి వాడుకోవచ్చు.

గానుగసున్నం
గుల్ల సున్నం శుద్ధమైనది గనక తనంత తాను తడిలో గట్టిపడదు, సుర్కీ తప్పక కలపాలి. సుర్కీ కలిపాక ఆ పూటే వాడెయ్యాలి, బిగిసినదాంట్లో నీళ్లు పోసి మళ్లీ కలపొద్దు. సంచి సున్నం తప్పనిసరై కొంటే చెంచాడు సిర్కాలో వెయ్యండి. బాగా నురుగొస్తే గాలి తగిలి చచ్చిన సున్నం, వెనక్కి ఇచ్చెయ్యండి.
వానల ముందు అతుకుల పని మొదలెట్టొద్దు, పచ్చి సున్నాన్ని వాన కడిగేస్తుంది. ఈ నెలన్నరలో మట్టి, పెంకు, చూరు కాలవలు. పొగగొట్టం నోటి మీద తాత్కాలికంగా రేకు మూత పెట్టండి, గాలి ఆడేలా చుట్టూ 4 అంగుళాల ఖాళీతో, తీగలతో నాలుగు వైపులా కట్టి. అడుగున పొయ్యి తలుపు తెరిచే ఉంచండి.